పండగ లేని నాడు ఓళిగలు

నిర్మలమ్మ ఆఫీసు గది గుమ్మంలో బాలనాగమ్మ నిలబడి ఉండగా పోయిన వారం మనం లేచి ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆ మనిషి వారం పొడుగునా అట్లాగే నిలబడింది. మొగుడు పోయి ఇంకా ఇంటి మూల విడిచి రాకూడని దినాల్లో, ముఖాన బొట్టు లేకుండా, నెత్తిన కొంగు కప్పుకొని, చంకలో తువ్వాలు మూటతో ప్రొద్దుటూరు నడిబజారులోంచి బడికి వచ్చిన మనిషి. ముందు ఆమెను కూర్చోబెడదాం, కథ ఎక్కడికీ పోదు.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు విసుక్కోవద్దు. జమ్మలమడుగు వైపు పల్లెలో గొర్రెల మందతో మొదలై, బోరు వేసి, చీనీ తోట పెట్టి, ఈ మధ్యే ఒక పార్టీ కండువా మెడలో వేసుకున్నాడు బాలనాగమ్మ మొగుడు సంజీవయ్య. కోర్టు వాయిదా ఉందని చీకటితోనే పులివెందులకు బయలుదేరాడు. తొండూరు దాటాక కల్వర్టు దగ్గర అతణ్ణి నరికి ముళ్ళకంపల్లోకి ఈడ్చేశారు. గొర్రెల కాపర్లు చూసి చెప్పేసరికి మధ్యాహ్నం దాటింది. ఎవరు చంపారో చూసినవాళ్ళు లేరు. పక్కపల్లెలో ఉండే అవతలి పార్టీ లక్ష్మయ్య మీద అందరికీ అనుమానమే. అయితే ఆయన ముందు రోజు నుంచీ కడపలో పార్టీ మీటింగులోనే ఉన్నానన్నాడు. సాయంత్రం దాకా తనకు సంగతే తెలియదని గంగమ్మ గుడి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. అంతటితో ఆగక శవం మీద పూలదండ వేసి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఏడుపు వచ్చినవాడి కళ్ళూ, ఉల్లిగడ్డ కోసినవాడి కళ్ళూ దూరం నుంచి ఒక్కలాగే కనపడతాయి.

సంజీవయ్య కూతురు అంకాళమ్మ. లక్ష్మయ్య కూతురు చౌడేశ్వరి. ఇద్దరిదీ నిర్మలమ్మ బడిలో ఐదో తరగతి, ఒకే బెంచీ.

"కూర్చోమ్మా" అంది నిర్మలమ్మ కుర్చీ చూపించి.

బాలనాగమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. నిర్మలమ్మ కూడా లేచి, నొప్పి మోకాళ్ళు పట్టుకొని, ఎదురుగా నేల మీదే చతికిలబడింది. ఆవిడ హెడ్మాస్టరమ్మ, జుట్టంతా నెరిసింది, ఆ బడిలోనే పెళ్ళీ పెటాకులూ లేకుండా ముసలిదైంది. చచ్చిన మనిషి ఇంటి నుంచి వచ్చినవాళ్ళ కంటే ఎత్తులో కూర్చోవడం ఆవిడకు చేతకాలేదు.

బాలనాగమ్మ తువ్వాలు ముడి విప్పింది. లోపల మూడు గిన్నెల స్టీలు క్యారియర్. మూత మీద బొటనవేలు పట్టేంత సొట్ట.

"ఈ గిన్నె మాది కాదు టీచరమ్మా. మా గిన్నె మీ కాడే ఉండాది. ఆ పొద్దు మా అంకాళు సంచిలో ఇది వచ్చింది" అంది. గొంతులో ఏడుపు లేదు, ఎప్పుడో ఇంకిపోయింది. "ఇది ఎవురిది?"

ఆ క్యారియర్ ఎవరిదో నిర్మలమ్మకు తెలుసు. ఇంతటి పాడు క్యారియర్ ఆ బిడ్డ సంచిలోకి ఎట్లా వెళ్ళిందో కూడా తెలుసు, ఎందుకంటే పెట్టింది ఆవిడే. ఈ రెండు సంగతులూ కడుపులో పెట్టుకొని ఇన్నాళ్ళూ ఒక్కతే కుమిలిపోతూ ఉంది. పోలీసులు వచ్చి అడిగినా పెదవి విప్పలేదు.

అసలు ఆ బడి సంగతి చెప్పకపోతే ఇదంతా మీకు అర్థం కాదు.

సరోజమ్మ బడి అంటే ప్రొద్దుటూరులో తెలియనివాళ్ళు లేరు. ఆడపిల్లల బడి. సర్కారుది కాదు, పాదరీలది కాదు. కోమట్ల ఇంటి కోడలు సరోజమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే మొగుణ్ణి పోగొట్టుకుంటే, బంగారు అంగడివాళ్ళు ఆమె భాగం కింద ఒక పాత మిద్దె ముఖాన పారేశారు. ఆ మిద్దె ముందు వసారాలో ఆమె పెట్టిన బడి ఇది. హాస్టలు పెట్టమని ఎంతమంది బతిమాలినా పెట్టలేదు. "ఆడపిల్ల దీపాల వేళకు తల్లి కంట పడాల" అనేది. పొద్దున్నే బస్సుల్లో, జట్కాల్లో వచ్చి సాయంత్రానికి ఇంటికి పోయే బడి. బాంబుల కాలం వచ్చాక పల్లెల్లో పెద్దమనుషులు మగపిల్లలను తిరుపతికీ బెంగుళూరుకీ పంపి దాచుకున్నారు గానీ, ఆడపిల్లలను మాత్రం ఈ బడికే పంపేవారు. పగ ఎంత ముదిరినా సరోజమ్మ గేటు లోపలికి అది రాదని వాళ్ళ ధైర్యం.

అట్లా రాకపోవడానికి కారణం సరోజమ్మ పెట్టిన ఒక్క ఆచారం. దానికి పిల్లలు పెట్టుకున్న పేరు గిన్నెమార్పు. పొద్దున బడికి రాగానే ప్రతి పిల్లా తన క్యారియర్ వసారా గట్టు మీద పెట్టాలి. మధ్యాహ్నం ఆయా గుల్జార్‌బీ వాటిని కలిపేసి, వరసగా కూర్చున్న పిల్లల ముందు ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోతుంది. ఎవరి గిన్నె ఎవరి ముందుకు వస్తే అదే ఆ పూట తిండి. మాంసం, గుడ్డు తేకూడదు. గిన్నె మీద ఇంటిపేరు చెక్కించకూడదు. ఎవరిదని అడగకూడదు, ఎవరిదని చెప్పకూడదు. నడిమిట్లో ఉప్పు జాడీ ఒక్కటే బడిది. మూతలు తీయకముందు పిల్లలంతా చేతులు జోడించి ఒక మాట అనాలి: "ఎవరమ్మ వండిందో ఆ అమ్మ చల్లగుండాల."

మొదట్లో ఊరంతా నోరు నొక్కుకుంది. కోమటి పిల్ల గొల్లోళ్ళ సంగటి తినడమేమిటని సరోజమ్మను వెలేసినంత పని చేశారు. ఆమె లెక్కపెట్టలేదు. తర్వాత్తర్వాత ఒక చిత్రం జరిగింది. సొంత బిడ్డకైతే రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసికి పంపే తల్లి కూడా, పరాయి బిడ్డ తింటుందని పొద్దున్నే లేచి వేడి వేడిగా వండి పంపడం మొదలుపెట్టింది. సరోజమ్మకు కావలసిన చదువు అదే. అక్షరాలు ఎవరైనా చెబుతారనేది.

ఇక ఆ పాడు రోజు. చౌడేశ్వరి తెచ్చిన క్యారియర్ అంకాళమ్మ ముందుకు వచ్చింది. మూత తీసేసరికి నెయ్యి కారుతున్న ఓళిగలు, అదే, బొబ్బట్లు. పిల్లలంతా ఒక్కసారి "అబ్బా!" అన్నారు. చౌడేశ్వరికి సంతోషం పట్టలేక నోరు జారింది. "మా అమ్మ చేసింది! కోడి కుయ్యకముందే మా నాయన వచ్చి లేపి చెయ్యమన్యాడు. ఈ పొద్దు మనకు పండగ అన్యాడు!" అనేసింది. "చౌడేశ్వరీ, ఎవరిదో చెప్పకూడదు కదా" అని నిర్మలమ్మ మందలించింది. "ఇంగెప్పుడూ చెప్పను మేడమ్" అని ఆ పిల్ల నాలుక కరుచుకుంది. అంతే. నిర్మలమ్మ ఆ మాట అక్కడే మరచిపోయింది. కాసేపటికి సంజీవయ్య వార్త వచ్చింది. సాయంత్రం లక్ష్మయ్య ప్రమాణం సంగతి కూడా చెవిన పడ్డాక, మధ్యాహ్నం విన్న మాట నిర్మలమ్మ గుండెలో గునపం దిగినట్టు దిగింది. కడపలో ఉన్న మనిషి కోడి కుయ్యకముందే ఇంటికొచ్చి పెళ్ళాన్ని లేపి ఓళిగలు చేయించడమేమిటి? ఏం పండగని?

వార్త వచ్చిన గాబరాలో ఇంకో పని కూడా జరిగింది. రోజూ సాయంత్రం గుల్జార్‌బీ గిన్నెలన్నీ కడిగి ఎవరివి వాళ్ళకు అప్పజెబుతుంది. ఆ రోజు ఆమె రిక్షా కోసం పరిగెత్తితే, నిర్మలమ్మే అంకాళమ్మ సంచి సర్దింది. బిడ్డ తెచ్చిన క్యారియర్ కాకుండా, బిడ్డ తిన్న క్యారియర్, ఎదురుగా కనపడ్డది కనపడ్డట్టు తీసి సంచిలో పెట్టేసింది.

"చెప్పు టీచరమ్మా" అంది బాలనాగమ్మ. "అడుగు గిన్నెలో సగం ఓళిగ ఉన్నింది. ఏందే ఇది అంటిని. 'నాయనకు దాచిపెట్టినా మా. నాయనకు ఓళిగంటే పానం గదా' అనింది. అప్పటికి శవం ఇంగా వాకిట్లోకి రాల్యా. ఆ బిడ్డకు ఇంగా చెప్పల్యా. నేను ఆ ముక్క చేత్తో పట్టుకోని నిలబడుకున్న్యా, జీపు వచ్చింది."

నిర్మలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడవకూడదనుకుంది గానీ ఆగలేదు. ఎదుటి మనిషి ఏడవకుండా ఉంటే తనకు ఏడిచే హక్కు ఎక్కడిది అని సిగ్గు కూడా వేసింది.

"ఆ పొద్దు అమావాస్య ముందర దినం. పండగ లేదు, పబ్బం లేదు. ఎవురూ మంచి పని పెట్టుకోరు. ఎవురి పొయ్యి మీద పూర్ణం ఉడికిందో, ఆ ఇంట్లోనే నా మొగుని సావు ఉడికింది. ఇది మా మరిది ఓబులేసు మాట. గేటు కాడ జీపులో కూర్చోనుండాడు సూడు." ఆమె కిటికీ వైపు గడ్డం ఎగరేసింది. "ఈ గిన్నెను ఇన్ని దినాలూ ఎదురుగా పెట్టుకోని దాన్ని సూస్తానే కూర్చున్న్యాడు. కూడు తింటా సూస్తాడు, పండుకోని సూస్తాడు. అంకాళును ఎంత అడిగినా, ఎవురిదో చెప్పకూడదనే అంటాది. 'పోయి ఎవురిదో కనుక్కో వదినా, నేనొచ్చి అడిగితే ఆ ముసలి టీచరమ్మ తట్టుకోల్యాదు' అన్యాడు."

నిర్మలమ్మ కిటికీలోంచి చూసింది. సోడా అంగడి పక్కన జీపు. ముందు సీట్లో గడ్డం పెరిగిన మనిషి, చేతులు కట్టుకొని గేటు వైపే చూస్తున్నాడు. ఇంటి బెల్లు అప్పుడే కొట్టారు. పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి పోతున్నారు. కొట్టంలో దొంగను వెతికే మనిషిలాగా అతను ఒక్కొక్క పిల్లనే చూస్తున్నాడు.

"తెలియదని అబద్ధం చెప్పను బాలనాగమ్మా" అంది నిర్మలమ్మ చివరికి. "తెలుసు. కానీ చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను."

అప్పుడు లేచింది ఆ మనిషికి కోపం. "యాలా చెప్తావు! నీదేం పోయింది? నా బిడ్డకు దాని తండ్రి సావు ఓళిగలు తినిపిస్తివి. ఎవరమ్మ వండిందో ఆ అమ్మ చల్లగుండాల అని నా బిడ్డ నోటితోనే దీవింపిస్తివి. దాని దీవెన పండింది టీచరమ్మా! ఆ అమ్మ చల్లగా ఉండాది, మెళ్ళో తాళితో, నొసట కుంకంతో. నన్ను సూడు, నేనిట్లుండా. ఏం చదువమ్మా మీది? ఏం బడమ్మా ఇది?"

ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని అన్నా నిర్మలమ్మ దగ్గర సరోజమ్మ మాట ఏదో ఒకటి సిద్ధంగా ఉండేది. ఈ మాటకు సరోజమ్మ దగ్గర కూడా జవాబు ఉండదేమో అనిపించింది. గోడ మీది ఫొటోలో ఆమె బొట్టు లేని నొసటితో, బోసి మెడతో చూస్తోంది. ఆమె కూడా ఇట్లాంటి మనిషే కదా.

"నువ్వన్నది నిజమేనమ్మా" అంది నిర్మలమ్మ. "తినిపించింది నేనే. నా చేతులు పడిపోయినా బాగుండేది. కానీ నేను పేరు చెబితే రేపు ఇంకో ఇంట్లో ఇంకో అంకాళమ్మ తండ్రి కోసం ఓళిగ ముక్క దాచిపెట్టుకొని కూర్చుంటుంది. ఆ పిల్ల కూడా నా పిల్లే. నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు."

బాలనాగమ్మ క్యారియర్ మూత మీది సొట్టను వేలితో నిమిరింది. తర్వాత తల ఎత్తి, వేరే గొంతుతో అడిగింది.

"నన్ను గుర్తుపట్టల్యా టీచరమ్మా నువ్వు?"

నిర్మలమ్మ కళ్ళు తుడుచుకొని చూసింది. అంకాళమ్మను చేర్చడానికి వచ్చింది సంజీవయ్య. ఫీజులకూ పేరెంట్ల మీటింగుకూ అతనే వచ్చేవాడు. 'చేరిస్తే ఈ బడిలోనే చేర్చాలని మా ఆడమనిషి ఒకటే పట్టు మేడమ్' అని నవ్వేవాడు. ఆ ఆడమనిషిని చూడడం, శవాన్ని చూడడానికి వెళ్ళిన రోజే మొదటిసారి అనుకుంది.

"నేను నాగిని. పెన్న అవతల గొర్రెల దొడ్డి కాడ ఉంటిమే. ఉప్పు జాడీ పగలగొడితే నువ్వు నన్ను కొట్టకుండా, కొత్త జాడీ మోయించి తెప్పిస్తివి. నువ్వు బడికి కొత్తగా వచ్చింటివి అప్పుడు."

"నాగీ!" అంది నిర్మలమ్మ. రెండు జడలు, నూనె మరకల లంగా, గొర్రెపిల్లను కూడా బడికి తెస్తానని ఏడ్చిన పిల్ల. ఆ ముఖం ఈ ముఖంలో ఎక్కడో అడుగున ఉంది. దాన్ని చూసేసరికి ఆవిడ దుఃఖం ఇంకాస్త పెరిగింది.

"ఆ సగం ఓళిగను పారెయ్యడానికి చేతులు రాల్యా" అంది బాలనాగమ్మ. "ఎవురికీ తెల్వకుండా నోట్లో ఏసుకున్న్యా. ఆయప్పకు పెట్టాల్నని నా బిడ్డ దాచింది గదా, నేనన్నా తిందామని. నోట్లో ఏసుకుంటానే తెలిసిపాయె. పూర్ణంలో సొంటి. ఏలక్కాయ అందురూ ఏస్తారు టీచరమ్మా. సొంటి ఏసేది ఒక్క చేయే. ఈ వసారాలో ఐదేండ్లు నా పక్కన కూర్చున్న్యది. వాళ్ళమ్మా సొంటే ఏసేది, దాని గిన్నె నా ముందరికి వచ్చిన దినం నాకు పండగ. పెండ్లయి లక్ష్మయ్య ఇంటికి పోయినాంక మళ్ళా సూడల్యా దాన్ని. ఆ పార్టీ ఈ పార్టీ అయిపోతిమి గదా."

"అక్కమ్మ" అంది నిర్మలమ్మ. అనకూడదనుకున్న పేరు అట్లా ఆవిడ నోటి నుంచే వచ్చేసింది.

"అక్కమ్మే."

బయట పిల్లల గోల తగ్గిపోయింది. గుల్జార్‌బీ వసారాలో గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"నీకు తెలిసే ఉంటే నన్నెందుకు అడిగినావే?"

"నువ్వు చెప్తావేమోనని సూస్తిని. నాకు చెప్పేదానివైతే రేపు ఓబులేసుకూ చెప్తావు. నువ్వు చెప్పేస్తే ఆ బరువు నా మీద ఉండేది కాదు." ఆమె తల గోడకు ఆనించింది. "ఇప్పుడు అది నా మీదనే పడింది. నా మనసు ఒక తీరుగా ల్యా టీచరమ్మా. ఆయప్ప చెప్పులు వాకిట్లో కనపడితే, చెప్పేయ్, వాళ్ళింట్లో కూడా దీపం ఆరిపోనీ అంటాది. అంకాళు నిద్దట్లో ఉలిక్కిపడి లేస్తే, వద్దు అంటాది. అక్కమ్మకు తెలిసే చేసిందా? నా తాళి తెగిందని తెలిసే నెయ్యి పోసి కాల్చిందా? ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు నాకు."

ఆ ముక్క చెప్పగలిగినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. కానీ విధి అనేది ఒకటుంది చూడండి, దానికి పిలుపు అక్కరలేదు.

"మే ఐ కమిన్ మేడమ్?"

గుమ్మంలో చౌడేశ్వరి. సంచి వీపున వేసుకొని, ఒక రిబ్బను ఊడిపోయి, కనపడకుండా పోయిన క్యారియర్ సంగతి అడగడానికి వచ్చింది. కూతురిని బడి మాన్పిస్తే భయపడ్డాడంటారని లక్ష్మయ్య ఒక్క రోజు కూడా మాన్పించలేదు. నిర్మలమ్మ లేవబోయింది. పిల్ల కళ్ళు అప్పటికే నేల మీద ఉన్న క్యారియర్ మీద పడ్డాయి.

"మా క్యారియర్! గుల్జారవ్వా, మా క్యారియర్ దొరికింది!" అని ఎగిరి గంతేసింది. తర్వాత బాలనాగమ్మను చూసి సర్దుకుంది. "నువ్వు అంకాళు వాళ్ళమ్మవు గదా అత్తా? అచ్చం దాని మాదిరే ఉండావు. అంకాళు ఎప్పుడొస్తాది? అది రాల్యాదని దాని లెక్కలు కూడా నేనే చేసి పెట్టినా. వాళ్ళ నాయన పోయినాడంట గదా. మా నాయన పూలదండ ఎత్తుకపోయినాడు."

బాలనాగమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అదే కొస ముక్కు, అదే పలకరింపు. తల్లి పోలిక.

"మీయమ్మ బాగుండాదా అమ్మీ?"

"యాడ బాగు అత్తా. ఆ పొద్దు సందకాడ నుంచి సరిగ్గా తినడమే ల్యా. అంకాళు వాళ్ళ నాయన సంగతి తెలిసినాంక, మిగిలిన ఓళిగలన్నీ ఎత్తుకపోయి దిబ్బలో పోసింది. పొయ్యి గూడా కాలితో తన్నింది. మా నాయన కొట్టినాడు. 'నా చేత ఏం వండిస్తివి, నా చేత ఏం వండిస్తివి' అని ఒకటే ఏడుపు. ఆ క్యారియర్ యాడ, ఎవురు తిన్న్యారు అని రోజూ అడుగుతాది నన్ను. ఎవురు తిన్న్యారో చెప్పకూడదు గదా మేడమ్? నేను చెప్పల్యా."

బాలనాగమ్మ కళ్ళు మూసుకుంది. అంతవరకూ ఇంకిపోయిందనుకున్న నీళ్ళు రెప్పల కింది నుంచి వచ్చి చెంపల మీదుగా కారాయి. తుడుచుకోలేదు. "దానికీ తెల్వదు" అంది, తనలో తాను. "వండేటప్పుడు దానికీ తెల్వదు."

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. "గుల్జారక్కా, గుప్పెడు ఉప్పు తే" అంది. గుల్జార్‌బీ వసారాలోంచి ఉప్పు జాడీ తెచ్చి, గుప్పెడు తీసి, కింద పెట్టడానికి ఏదైనా ఆకు దొరుకుతుందా అని చూసింది. ఉప్పు చేతి నుంచి చేతికి ఇస్తే పగ పుడుతుందని మన దగ్గర ఎవరూ ఇవ్వరు.

బాలనాగమ్మ అరచెయ్యి చాపింది. "చేతికే పెట్టక్కా. ఇంగ కొత్తగా పుట్టే పగ ఏముండాది."

"యా అల్లా" అని గుల్జార్‌బీ కళ్ళొత్తుకుంటూ చేతిలో పోసింది.

ఆ ఉప్పును క్యారియర్ అడుగు గిన్నెలో పోసి, గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కొక్కెం బిగించి, బాలనాగమ్మ దాన్ని చౌడేశ్వరి చేతికిచ్చింది. "మీయమ్మకు ఇయ్యి. నాగి ఇచ్చిందని చెప్పు. వట్టి గిన్నె తిరిగి ఇయ్యకూడదు గదా, అందుకని ఉప్పు పోసి ఇచ్చిందని చెప్పు. తినమను. నేను తినమన్న్యానని చెప్పు."

"సరే అత్తా!" పిల్ల క్యారియర్‌ను రెండు చేతులా పట్టుకొని గంతులు వేస్తూ వెళ్ళిపోయింది. మెట్ల మీద కొక్కెం గలగలమన్న చప్పుడు దూరమైంది.

నిర్మలమ్మ బాలనాగమ్మ చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళ తర్వాత నిర్మలమ్మకు ఒక్క క్షణం ఊపిరి ఆడినట్టయింది. సరోజమ్మా, నీ బడి చావలేదే తల్లీ, అనుకుంది. "ఓబులేసుకు ఏమని చెబుతావే నాగీ?" అని అడిగింది.

"టీచరమ్మకు తెల్వదంట అని చెప్తా. గిన్నె మళ్ళా మూట గట్టుకోని పోయి..."

ఇద్దరి కళ్ళూ ఒక్కసారే నేల మీదికి దిగాయి. అక్కడ తువ్వాలు ఒక్కటే ఉంది.

ఇన్ని దినాలూ అన్నం ముందర పెట్టుకొని ఓబులేసు చూసిన క్యారియర్. మూత మీద బొటనవేలు పట్టేంత సొట్ట ఉన్న క్యారియర్. అతను కళ్ళు గేటుకు అతికించుకొని కూర్చున్న సమయంలో దాన్ని ఒక పసిబిడ్డ రెండు చేతులా పట్టుకొని ఊరందరికీ కనపడేట్టు మోసుకుపోతోంది. పంపింది ఎవరో కాదు, మంచి మనసుతో ఆ ఇద్దరు ఆడవాళ్ళే.

"నా తల్లే!" అని బాలనాగమ్మ గడప దాటి పరుగెత్తింది. కొంగు జారిపోయినా చూసుకోలేదు. నిర్మలమ్మ కిటికీ ఊచలు పట్టుకొని లేచింది. "చౌడేశ్వరీ!" అని పిలవబోయి చప్పున నోరు మూసుకుంది. ఆ పేరు రోడ్డు మీద వినబడకూడదు కదా.

జీపు తలుపు తెరిచి ఉంది. ఓబులేసు అప్పటికే గేటు దగ్గర గొంతుకూర్చున్నాడు, పిల్ల ముఖమూ తన ముఖమూ ఒక ఎత్తులో ఉండేట్టు. అతని గొంతులో కోపం లేదు. అన్న కూతురికి పప్పరమెంట్లు కొనిచ్చే చిన్నాయన గొంతు అది.

"బాగుండాదే గిన్నె. ఎవురిది పాపా ఇది?"

గేటు లోపల ఆ మాట అడగకూడదు, చెప్పకూడదు. గేటు దాటితే ఎవరి గిన్నె వాళ్ళది. చౌడేశ్వరికి ఒక కాలు గేటు లోపల ఉంది, ఒక కాలు రోడ్డు మీద ఉంది. క్యారియర్‌ను రొమ్ముకు హత్తుకొని ఒక్కసారి వెనక్కి తిరిగి బడి వైపు చూసింది. తర్వాత ఓబులేసు వైపు తిరిగి నోరు తెరిచింది.